స్కానింగ్ కాగితం చెప్పేదెంత, చెప్పనిదెంత?

"గర్భసంచి వాసిందంట. స్కానింగుల వచ్చిందంట. తీసెయ్యాలంట."

ఈ మూడు 'అంట'లు వినని ఆడవాళ్లు మా వైపు ఉండరనుకుంటాను. వీపనగండ్ల, చిన్నంబావి, పానగల్ చుట్టుపక్కల పల్లెల నుంచి కడుపులో నొప్పి అనో, ముట్టు ఎక్కువవుతోందనో, తెల్లబట్ట అనో బయల్దేరినవాళ్లు కొందరు వనపర్తి వెళతారు. కొందరు పెబ్బేరు దాకా పోయి అక్కడ హైవే మీద కర్నూలు బస్సెక్కుతారు. సాయంత్రానికి చేతిలో ఓ పెద్ద కవరు. అందులో నల్లటి బొమ్మలు రెండు, ఇంగ్లీషు కాగితం ఒకటి. ఆ కాగితం చదవగలిగినవాళ్లు ఇంట్లో ఉండరు. డిగ్రీ చదివిన కోడలు ఉన్నా అందులోని మాటలు ఆమెకూ కొత్తే. అంచేత ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పిందో, ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పాడో, అదే దానికి అర్థం. వారం తిరిగేసరికి ఆపరేషన్. ఖర్చుకి పుస్తెల తాడు కుదువకి పోయినా పోతుంది.

మన వీధిలో ఒకసారి సరదాకి కాదు, నిజంగానే లెక్కపెట్టి చూడండి. గర్భసంచి ఉన్నవాళ్లెందరు, లేనివాళ్లెందరు? నలభై దాటకముందే తీయించుకున్నవాళ్లు ఎంతమంది తేలతారో చూడండి.

ఇది మన వీధి సంగతి మాత్రమే కాదని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్న అడిగారు. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. అంటే దేశం సగటుకి రెండు మూడింతలు. తీయించుకున్నవాళ్లలో సగంమందికి ఆపరేషన్ నాటికి ముప్పై నాలుగేళ్లు కూడా దాటలేదు. నాకంటే చిన్నవాళ్లన్నమాట! ప్రతి మూడు ఆపరేషన్లలో రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే.

తెలుగు ఆడవాళ్ల గర్భసంచులకు దేశంలో ఎవరికీ లేని జబ్బు ఏదన్నా ఉందా? ఉంటే ఈపాటికి డాక్టర్లు దానికో పేరు పెట్టి ఉండేవారు కదా!

కాస్త వెనక్కి వెళితే కొన్ని విషయాలు కనిపిస్తాయి. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు మొట్టమొదట ఎంచుకున్న మూడు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. వీపనగండ్ల అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోదే. వనపర్తి జిల్లా అయింది 2016 అక్టోబరులో. అప్పుచేస్తే తప్ప పట్నం ఆసుపత్రి గడప ఎక్కలేని పాలమూరు కూలీ కుటుంబాలకి ఆ కార్డు ఎంత ధైర్యమో నేను చెప్పనక్కర్లేదు. గుండె ఆపరేషన్లు జరిగాయి, ప్రాణాలు నిలిచాయి. అయితే దాని వెంటే గర్భసంచి ఆపరేషన్ల గొడవ కూడా బయటికొచ్చింది. అవసరం లేకపోయినా తీసేస్తున్నారని విమర్శలు రేగాక, పథకం కింద ఆ ఆపరేషన్‌ని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. ఆ రోజుల్లోనే డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి దంపతులు మెదక్ జిల్లా పల్లెల్లో ఆడవాళ్లతో మాట్లాడి, ఇలా అవసరం లేకుండా జరిగిన ఆపరేషన్ల మీద అధ్యయనం చేశారు. కార్డు మీద ఆపినా చేతి డబ్బులు పెట్టి చేయించుకోవడం ఆగలేదు. సర్వే లెక్కలు ఆ తర్వాతివే మరి.

ఇంతకీ ఇందులో స్కానింగ్ పాత్రేమిటి? అక్కడే ఉంది కిటుకు. "నీకు జబ్బుంది" అని డాక్టరు నోటితో చెబితే నమ్మకపోయినా నమ్మకపోవచ్చు. మిషను చెప్పిందంటే ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? తెర మీద నల్లగా తెల్లగా కదులుతున్నదాన్ని చూపించి "ఇదిగో గడ్డ" అంటే, మనకది గడ్డో, పేగో తెలియదు. మనతో వచ్చిన మగవాళ్లకీ తెలియదు. తలూపడమే.

నిజానికి ఈ మిషను పుట్టింది ఆడవాళ్ల జబ్బులు చూసే డాక్టరు చేతుల్లోనే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అని ఒక గైనకాలజిస్టు ఉండేవాడు. ఫ్యాక్టరీల్లో ఇనుములో పగుళ్లు కనిపెట్టడానికి చెవికి అందని శబ్దాన్ని వాడేవారు. అదే శబ్దంతో మనిషి కడుపులో గడ్డలు ఎందుకు చూడకూడదని 1955లో ఆయన ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ తొలి రోజుల్లోనే ఒక రోగిని ఆయనకి చూపించారు. ఆమెకు కడుపు ఉబ్బిపోయి ఉంది. జీర్ణాశయం క్యాన్సర్, ఇక ఆపరేషన్‌కీ అందదని తేల్చేశారు. డొనాల్డ్ తన మిషను పెట్టి చూస్తే, అది అండాశయంలో పెరిగిన పెద్ద నీటితిత్తిలా కనిపించింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆమె బతికింది. 1958లో ఆయన రాసిన వ్యాసంతోనే ఈ అల్ట్రాసౌండ్ ప్రపంచానికి పరిచయమైంది.

చూశారా, క్యాన్సర్ అని భయపెట్టిన చోట "అంత లేదు" అని చెప్పి ఒక ఆడమనిషిని కాపాడిన మిషనిది. అదే మిషను మన దగ్గరకొచ్చేసరికి, ఏమీ లేనిచోట "క్యాన్సరవుతుంది" అని బెదిరించడానికి పనికొస్తోంది. తప్పు మిషనుది కాదు. అది ఉన్న ఆకారాన్ని చూపిస్తుంది, అంతే. ఆ ఆకారం జబ్బా, కాదా అన్నది మనిషి చెప్పాలి.

అందుకని ఆ కాగితంలో తరచూ కనిపించే నాలుగైదు మాటలు మనం కూడా తెలుసుకుంటే మంచిది. డాక్టర్లమైపోదామని కాదు, నోరు తెరిచి అడగడానికి.

మొదటిది 'బల్కీ యుటెరస్'. గర్భసంచి వాచిందనే మాట ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది. బల్కీ అంటే కాస్త పెద్దగా ఉందని, అంతే. వాపు అని కాదు, పుండు అని అసలే కాదు. పిల్లల్ని కనని ఆడదాని గర్భసంచి ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవుంటుంది. కాన్పులయ్యాక అది ఒకటి రెండు సెంటీమీటర్లు పెద్దదిగా ఉండిపోవడం మామూలే. ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని మోసిన సంచి పెళ్లికి ముందున్నట్టే ఉండాలంటే ఎలా? కాన్పయ్యాక మన నడుమే మునుపటిలా లేదు! ముట్టులో రక్తం విపరీతంగా పోతూ, నొప్పి కూడా ఉంటే ఆ పెద్దరికానికి కారణం వెతకాల్సిందే. ఏ బాధా లేకుండా కాగితం మీద 'బల్కీ' అని మాత్రమే ఉంటే అది జబ్బు పేరు కాదు.

రెండోది గర్భసంచి లోపలి పొర మందం. కాగితంలో 'ఎండోమెట్రియం' అని రాసి మిల్లీమీటర్లలో అంకె వేస్తారు. ఈ పొర నెలంతా ఒకేలా ఉండదు. ముట్టయిన వెంటనే మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. మళ్లీ ముట్టొచ్చే ముందు పద్నాలుగు పదిహేను దాకా పెరుగుతుంది. ఆ పొర ఊడి రావడమే కదా ముట్టంటే! మరి ఏ రోజున స్కానింగ్ చేశారో తెలియకుండా అంకె చూసి "పొర మందమైంది" అంటే దానికి అర్థమేముంది? అందుకే స్కానింగ్ చేసేముందు ఆఖరి ముట్టు ఎప్పుడని అడుగుతారు. అడగకపోతే మనమే చెప్పాలి. వీలైతే ముట్టు ఆగిన రెండు మూడు రోజుల్లో వెళితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది.

మూడోది 'సిస్టు'. మనవాళ్లు నీటిబుడగ అంటారు. అండాశయంలో నెలనెలా గుడ్డు తయారయ్యేది ఒక చిన్న నీటితిత్తిలోనే. అది రెండు, రెండున్నర సెంటీమీటర్లు అయ్యాక పగిలి గుడ్డు బయటికొస్తుంది. ఒక్కోసారి పగలకుండా ఇంకాస్త పెరుగుతుంది. ముట్లు వస్తున్న వయసులో ఐదు సెంటీమీటర్లకి లోపు, లోపల ఒట్టి నీరే ఉన్న తిత్తి చాలామందిలో రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుంది. డాక్టరు చెప్పాల్సిన మాట "మూడు నెలలాగి మళ్లీ స్కానింగ్ చేయించమ్మా" అని. తిత్తిలో గట్టి భాగాలున్నా, పెద్దదై మెలిపడి భరించలేని నొప్పి వచ్చినా, ముట్లాగిపోయిన వయసులో కనిపించినా అది వేరే కథ. అప్పుడు ఆలస్యం చేయకూడదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర కనిపించే చిన్న చిన్న బుడగల్ని 'నబోథియన్ సిస్టులు' అని రాస్తారు. పేరు చూసి హడలిపోకండి, వాటితో దాదాపుగా ఏ హానీ లేదు.

ఇక 'ఫైబ్రాయిడ్'. ఇది నిజంగానే గడ్డ. అయితే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు క్యాన్సర్ గడ్డ కాదు. చాలామందికి ఉండి కూడా జీవితాంతం తెలియదు. ముట్లాగాక తనంత తానే చిన్నదవుతుంది. ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. లోపలి పొర వైపు ఉన్న చిన్న గడ్డ విపరీతంగా రక్తం పోయేలా చేయొచ్చు. బయటివైపున్న పెద్ద గడ్డ ఏమీ చేయకపోవచ్చు. దీనికి మాత్రలున్నాయి, హార్మోను ఉన్న లూపు ఉంది, సంచిని ఉంచి గడ్డని మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. ఇవేవీ పనిచేయనప్పుడే సంచి తీయడం. మన దగ్గర మెట్లన్నీ వదిలేసి నేరుగా డాబా మీదికే ఎక్కిస్తున్నారు.

కాగితం చివర ఇంకో మాట ఉంటుంది, ఎవరూ చదవరు. 'క్లినికల్ కోరిలేషన్ సూచించడమైనది' అని ఇంగ్లీషులో. అంటే స్కానింగ్ చేసినాయనే చెబుతున్నాడు: "నాకు కనిపించింది ఇది, కానీ మనిషిని పరీక్ష చేసి, బాధ ఏమిటో అడిగి, రెండూ కలిపి చూసుకోండి" అని. మన డాక్టరు మనల్ని బల్ల మీద పడుకోబెట్టి చేయి పెట్టి చూడకుండా, ముట్టు ఎన్ని రోజులు, ఎన్ని గుడ్డలు మారుస్తున్నావని అడగకుండా, కాగితం చూసి ఆపరేషన్ తేదీ వేస్తే, ఆ ఆఖరి పంక్తిని ఆయన కూడా చదవలేదన్నమాటే.

స్కానింగ్‌లో కనిపించనివి కూడా ఉన్నాయి. తెల్లబట్ట స్కానింగ్‌లో కనిపించదు. అది చాలాసార్లు ఇన్ఫెక్షన్. లోపలి పరీక్ష చేసి, మందులిస్తే తగ్గుతుంది. భర్తకి కూడా మందు వాడాల్సి రావచ్చు. అది చెప్పడానికి మొహమాటపడి భార్య గర్భసంచి తీసేస్తే ఎలా? అలాగే గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్, అందరూ పేరు చెప్పి భయపెట్టేది అదే, మొదటి దశలో స్కానింగ్‌కి అందదు. దానికి వేరే పరీక్షలున్నాయి. ఎసిటిక్ ఆసిడ్ అద్ది కంటితో చూసే పరీక్ష, పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష. ముప్పై దాటినవాళ్లు ఏ బాధా లేకపోయినా చేయించుకోవాల్సినవి ఇవి. "స్కానింగ్‌లో క్యాన్సర్ మొదలైనట్టుంది, రేపే తీసేద్దాం" అంటే, ముక్క పరీక్ష చేశారా అని అడగాలి. ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ అన్నమాట ఖాయం కాదు. పైగా నిజంగా క్యాన్సరే అయితే చేసే ఆపరేషన్ వేరు, చేసేవాళ్లు వేరు. ఆ పని చిన్న నర్సింగ్ హోముల్లో అయ్యేది కాదు.

అన్నీ డాక్టర్ల మీదికే తోసేస్తే అది కూడా న్యాయం కాదు. "తీసెయ్యండి సారూ, పీడ పోతది" అని మనమే అడుగుతున్నాం. ఎందుకడుగుతున్నామో మగవాళ్లకి తెలియదు కానీ మనకు తెలుసు. వరినాట్లప్పుడు మోకాళ్ల లోతు బురదలో దిగాలి. పత్తి ఏరేటప్పుడు పొద్దస్తమానం వంగి ఉండాలి. మధ్యలో గుడ్డ మార్చుకోవడానికి చాటు లేదు. ముట్టయితే ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లో పూజ ఉంటే మాటలు పడాలి. పైగా పిల్లలు పుట్టగానే ఆపరేషన్ చేయించేస్తారు. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లకే ఆ పని అయిపోయాక గర్భసంచి ఇంకెందుకన్న మాట అత్తగారి నోటా, అమ్మ నోటా ఒకేలా వస్తుంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు కోత కూలీల సంగతి 2019లో బయటపడి అక్కడి ప్రభుత్వం కమిటీ వేసింది. అక్కడా ఇదే కథ. ఒక్కరోజు పని మానేస్తే మేస్త్రీ కూలి కోస్తాడన్న భయం. కూలి దొరకదన్న బాధకి శరీరంలో ఒక అవయవం తీసి మందు వేస్తున్నాం.

తీసేశాక పీడ పోతుందా? సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లాగిన వయసు మీదపడుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు పలచబడటం, గుండెజబ్బు ముప్పు పెరగడం. అండాశయాలు ఉంచినా అవి కాస్త ముందుగానే డస్సిపోవచ్చు. "ఆపరేషన్ అయినకాడి నుంచి నడుము లేస్తలేదు" అన్నమాట ఊళ్లో ఎంతమంది అంటారో గమనించండి. ఆ నడుమునొప్పికి ఎముకల బలం కొలిచే డెక్సా స్కానింగ్ ఎవరైనా రాశారా? గర్భసంచి కోసం రాసినంత తేలిగ్గా ఎముకల కోసం రాయరు. నిజం చెప్పాలంటే ఆడవాళ్ల ఒంట్లో గర్భసంచి తప్ప ఇంకేమైనా ఉందని ఈ స్కానింగ్‌లకి తెలిసినట్టు లేదు. గర్భం వస్తే బిడ్డ కోసం చేయిస్తారు, గర్భం అక్కర్లేకపోతే సంచి తీయడం కోసం చేయిస్తారు. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించింది ఎంతమంది? రొమ్ములో గడ్డ తగిలితే ఇంట్లో చెప్పిందెంతమంది?

ఇది చదివి, స్కానింగ్ మానేయమన్నానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ముట్లు పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే స్కానింగ్ చేయించాలి. ఆ వయసులో లోపలి పొర నాలుగైదు మిల్లీమీటర్లు దాటితే ముక్క పరీక్ష తప్పదు. అది నిజంగా క్యాన్సర్‌ని ముందే పట్టిచ్చే సందర్భం. సంబంధం కలిశాక రక్తం కనిపించినా, నెలకి రెండు మూడుసార్లు అవుతున్నా, రక్తం పోయి పోయి ముఖం పాలిపోయి ఆయాసం వస్తున్నా "ఇంట్లో పనుంది" అని వాయిదా వేయకండి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు, ఒట్టి శబ్దమే, దాని గురించి దిగులక్కర్లేదు. పొట్ట మీద నుంచి చేసేదాంట్లో స్పష్టంగా కనిపించకపోతే లోపలి నుంచి చేస్తామంటారు. మనవాళ్లు సిగ్గుపడి వద్దంటారు. పక్కన ఆడమనిషిని ఉంచమని అడిగే హక్కు మనకుంది, అడిగి చేయించుకోండి. ఆపరేషన్ నిజంగా కావాల్సినవాళ్లు కూడా ఉంటారు. ఏ మందుకీ లొంగని రక్తస్రావంతో ఏళ్ల తరబడి నలిగి, ఆపరేషన్‌తో ఒడ్డున పడ్డవాళ్లని నేను ఎరుగుదును. వాళ్లకి మొదటి మెట్టు మీదే చెప్పలేదు, ఆఖరి మెట్టు మీద చెప్పారు. తేడా అదే.

ఈ విషయం సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద ఒక డాక్టరే కేసు వేశారు. 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని కోర్టు ఆదేశించింది. జిల్లా స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా ఈ ఆపరేషన్ల మీద కన్నేసే కమిటీలు ఉండాలన్నది అందులో ఒకటి. మన జిల్లా కమిటీలో ఎవరున్నారో, ఎప్పుడు కూర్చున్నారో మహిళా సంఘాల వాళ్లు కలెక్టరేట్‌లో అడిగితే తప్పేమీ లేదు. అప్పులకి, పొదుపులకి వారం వారం కూర్చుంటున్నాం, ఒక వారం దీని గురించి కూర్చోలేమా?

రెండో డాక్టరుకి చూపించడానికి ఇప్పుడు మునుపటంత దూరం కూడా పోనక్కర్లేదు. వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. నాగర్‌కర్నూలులోనూ అదే ఏడాది వచ్చింది. గద్వాలలో 2024లో వచ్చింది. ఆపరేషన్ చేస్తే డబ్బొచ్చే చోట చెప్పిన మాటని, చేసినా చేయకపోయినా జీతం అదే వచ్చే చోట ఒకసారి సరిచూసుకోవడం మంచిదే కదా. అక్కడ రద్దీ ఉంటుంది, ఒకపూట కూలి పోతుంది, చీటీ కోసం నిలబడాలి. నిలబడదాం.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, పాత బొమ్మలు అన్నీ తీసుకెళ్లండి. ఆరునెలల కిందటి గడ్డ ఇప్పటికి పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా అన్నది రెండు బొమ్మలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. స్కానింగ్ బొమ్మలు చాలాచోట్ల వేడికి రంగు మారే కాగితం మీద వస్తాయి. పొయ్యి పక్కన గూట్లోనో, ఎండ పడే కిటికీలోనో పెడితే కొన్నాళ్లకి బొమ్మ మొత్తం మాసిపోయి ఏమీ కనిపించదు. బీరువాలో చీరల మడతల మధ్య పెట్టుకోండి. తెచ్చిన రోజే జిరాక్సు తీయించి, ఫోన్లో ఫొటో కూడా తీసిపెట్టుకుంటే ఇంకా మంచిది.